ప్రామాణిక చిటికెడు

యల్లమందయ్యకు వంట చెయ్యటం రాదు. వంటకు వంక పెట్టటం వచ్చు. ఈ రెండో విద్యలో అతనికి పల్నాటి వైపు నాలుగూళ్లలో పేరుంది. పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీది గుండిగ దించే ముందు వంటవాళ్లు అతని కోసం కబురు పంపేవాళ్లు. అతను తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, అరచేతిలో రెండు చుక్కలు పోయించుకుని, నాలిక చివర తగిలించి, కళ్లు మూసి, తల కాస్త పైకెత్తి, "ఉప్పు ఒక రాయి తగ్గింది" అనేవాడు. ఐదొందల మందికి కాచిన సాంబారులో ఒక రాయి తగ్గటమేమిటని ఎవరూ అడగలేదు. వంటమేస్త్రి గుండిగ మీద చెయ్యి ఆడించేవాడు. ఆ చేతిలో ఏమీ ఉండేది కాదు. యల్లమందయ్య మళ్లీ రుచి చూసి, "ఇప్పుడు కుదిరింది" అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో భార్య తిరపతమ్మ వండిన కూరను అతను ఒక్కసారి కూడా బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు, అంత అన్యాయం చేసే మనిషి కాదు. మొదటి ముద్ద పెట్టుకుని, కళ్లు మూసి, తలెత్తి, "ఉప్పు ఒక రాయి తగ్గింది" అనేవాడు. ఆమె ఉప్పు చిప్ప ముందుకు జరిపేది. అతను వెతికి వెతికి ఒకే ఒక రాయి తీసి అన్నంలో కలుపుకునేవాడు. అతను తిని లేచాక గేదెకు కుడితి పెట్టి, గిన్నెలు సర్ది, అప్పుడు తిరపతమ్మ తన కంచం ముందు కూచునేది. ఆ వేళకు కూర చల్లారి గట్టిపడి ఉండేది.

ఆ యింట్లో ఇంకో కట్టుబాటు ఉంది. వండేవాళ్లు వండుతూ రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. యల్లమందయ్య తల్లి పెట్టిన కట్టుబాటు. ఆమె పోయి పదేళ్లయినా అది పోలేదు.

ఆ ఏడు మిరపతోటకు యల్లమందయ్య పదకొండు రకాల మందులు కొట్టాడు. పురుగు పోలేదు గానీ మందుల కంపెనీ లక్కీ డ్రాలో అతని పేరు వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ కొండల మీద మూడు రోజుల విహారం, పోను రాను బస్సుతో సహా. డీలరు కొట్టు ముందు నిలబెట్టి, నెత్తిన కంపెనీ టోపీ పెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోలో యల్లమందయ్య పురుగు మీద గెలిచినవాడిలాగే ఉన్నాడు.

"నేనొస్తాను గానీ ఒక మాట," అంది తిరపతమ్మ. "పొడులు కొట్టను, పచ్చళ్లు కట్టను. ఆ మూడు రోజులూ పొయ్యి మొహం చూడను. ఎవరో ఒకళ్లు వండాలి, నేను కూచోవాలి, పొగలొస్తా ఉండంగానే తినాలి. నా జన్మకు అదొక్కటే తీరలా. అది జరిగేటట్టుంటే చెప్పు, లేకపోతే నువ్వొక్కడివే పోయి ఇంకో ఫొటో దిగిరా."

"ఎందుకు జరగదే. పెద్ద హోటలంట," అన్నాడు యల్లమందయ్య.

తెల్లవారేసరికి బస్సు కొండ ఎక్కింది. దిగిన చోట పెద్ద బోర్డు ఉంది: ‘అమ్మమ్మ వంటిల్లు – సంప్రదాయ పాక అనుభవ కేంద్రం’. బోర్డు మీద నవ్వుతున్న ముసలమ్మ బొమ్మ, ఆమె చేతిలో గరిటె. పక్కన భోజనశాల. దాని తలుపుకు తాళం, తాళానికి లక్క సీలు.

గదుల దగ్గర ఎదురొచ్చినాయన తెల్ల చొక్కా మీద పేరు బిళ్ల పెట్టుకున్నాడు. నీలాద్రిరావు, అనుభవ సమన్వయాధికారి.

"రాత్రి నుంచి ఏమీ తినలేదయ్యా. టిఫినేమన్నా ఉందా?" అని అడిగాడు యల్లమందయ్య.

నీలాద్రిరావు జాలిగా నవ్వాడు. "మా పర్యాటక విధానం తినటం అనే దశను దాటి అనుభవించటం అనే దశకు పురోగమించిందండీ. ‘అతిథి’ అనే పదాన్ని కూడా ఉపసంహరించుకున్నాం. మీరిప్పుడు అనుభవార్థులు."

"మరి అన్నం?" అంది తిరపతమ్మ.

"అన్నం అనేది ఫలితం అమ్మా. ముందు ప్రక్రియ జరగాలి. గత సీజన్‌లో అతిథులు వచ్చి, తిని, పడుకుని, వెళ్లిపోయేవారు. ఇందువల్ల సంప్రదాయానికి ఎలాంటి ప్రయోజనం చేకూరటం లేదని పై స్థాయిలో గుర్తించారు. కనుక భోజనశాల మూసివేసి వంట తరగతి ప్రారంభించాం. తరగతిలో ఉత్తీర్ణులై ధ్రువపత్రం పొందిన కుటుంబానికే భోజనశాల ప్రవేశం. కుటుంబానికి ఒకరు నేర్చుకోవాలి."

తిరపతమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపును అతను బోర్డు మీది ముసలమ్మ వైపు మళ్లించాడు. ఆమె నిట్టూర్చి, కొంగు నడుముకు దోపుకుంది.

"సరేలే. నా రాత ఎక్కడికి పోద్ది. పొయ్యి ఎక్కడో చూపించు నాయనా, పప్పు పడేస్తాను."

"అలా కుదరదమ్మా. ప్రవేశ పరీక్ష ఉంటుంది," అని నీలాద్రిరావు కాగితం తీశాడు. "చింతచిగురు పప్పులో చిగురు ఎప్పుడు వేస్తారు?"

"పప్పు ఉడికినాకనే. ముందేస్తే పులుపుకి బద్ద ఉడకదు."

నీలాద్రిరావు మొహం వాడిపోయింది. ఒక్కొక్క ప్రశ్నకూ ఆమె ఆవలిస్తూ జవాబు చెప్పింది. అతను ఒక్కొక్క జవాబుకూ మరింత కుంగిపోయాడు. చివరికి కలం మూత పెట్టాడు.

"ఇరవైకి ఇరవై. క్షమించాలి, మీరు అనర్హులు."

"వంటొస్తే అనర్హులా?" అన్నాడు యల్లమందయ్య.

"అనుభవంతో తీసుకున్న నిర్ణయమండీ. మొదట్లో వంట వచ్చినవారిని కూడా చేర్చుకున్నాం. ఒకావిడ మా అమ్మమ్మ చేతిలోని గరిటె లాక్కున్నారు. పైగా ఆడిట్ అభ్యంతరం వచ్చింది. వచ్చినవారికి వంట రావటంలో కేంద్రం కృషి ఏమిటని అడిగారు. రానివారికి నేర్పితేనే ప్రగతి కాగితం మీద కనపడుతుంది. ఇప్పుడు మీరు కూచోండి."

యల్లమందయ్య కంపెనీ టోపీ సర్దుకుని ధీమాగా కూచున్నాడు.

"కందిపప్పు ఉడకటానికి ఎంతసేపు పడుతుంది?"

"నేను పొలం నుంచొచ్చి కాళ్లు కడుక్కునేలోపు ఉడికిద్ది."

"నీళ్లు ఎన్ని పోయాలి?"

యల్లమందయ్య ఆలోచించాడు. "గిన్నెను బట్టి."

"పోపు ఎప్పుడు పెడతారు?"

"తుమ్మొచ్చే ముందు."

నీలాద్రిరావు మొహంలోకి నెత్తురొచ్చింది. ఇరవై ప్రశ్నలూ అయ్యాక లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "సున్నా అండీ. ఈ సీజన్‌లో ఇదే మొదటి సున్నా. నిన్న ఒక పళ్ల డాక్టరు గారు కూడా రెండు తెచ్చుకున్నారు. మీ మీద మాకు చాలా ఆశలున్నాయి."

"నాకు రుచి తెలుసయ్యా," అన్నాడు యల్లమందయ్య నొచ్చుకుంటూ. "నాలుగూళ్లలో అడుగు."

"రుచి మా పాఠ్యప్రణాళికలో లేదండీ."

తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొండల వైపు తిరిగింది. ముప్ఫై రెండేళ్ల నుంచి తనకు తెలిసిన సంగతిని ఇన్నాళ్లకు ఒక అధికారి కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

ఆమెను ‘భోక్త’గా నమోదు చేశారు. భోక్త చెయ్యవలసిన పని ఒకటే. అరుగు మీద పీట వేసుకుని కూచోవాలి, తన మనిషి వండింది తినాలి, బాగుందో లేదో చెప్పాలి. వంటింట్లోకి పోకూడదు, వంటింట్లోవాళ్లతో మాట్లాడకూడదు.

"ఊరికే కూచోవటమేనా?" అని రెండుసార్లు అడిగి, నిజమేనని రూఢి చేసుకుని, తిరపతమ్మ పీట మీద కాళ్లు బారజాపుకుంది.

వంటింట్లో అమ్మమ్మ ఎదురొచ్చింది. ఆమెకు ఇరవై ఆరేళ్లు. పేరు హిమజ, చదువు బీటెక్. నెత్తిన నెరిసిన విగ్గు, దాన్నుంచి కలరా ఉండల వాసన.

"మరీ చిన్నపిల్లగా ఉందే," అన్నాడు యల్లమందయ్య.

"అమ్మమ్మ పోస్టుకు గరిష్ఠ వయోపరిమితి ముప్ఫై నాలుగండీ," అన్నాడు నీలాద్రిరావు. "మనవలున్నవారు కూడా చాలామంది దరఖాస్తు చేశారు. వయసు మీరినందువల్ల తిరస్కరించాం."

హిమజ మణికట్టుకు కట్టుకున్న అట్టముక్క చూసి చదివింది. "రా నా తండ్రీ, ఎంత చిక్కిపోయావు." యల్లమందయ్య తన పొట్ట వంక చూసుకున్నాడు. అక్కడ ఇంకో ముగ్గురు మొగుళ్లున్నారు. అందులో నిన్నటి పళ్ల డాక్టరు కూడా ఉన్నాడు. ఆమె నలుగురినీ అదే స్వరంతో చిక్కిపోయారంది. నిబంధన ప్రకారం అమ్మమ్మ గంటకు మూడుసార్లు తిట్టాలి, ఒకసారి పాతకాలం తలుచుకోవాలి. తిట్లు అనుబంధంలో ఉన్నవే తిట్టాలి. "మా కాలంలో అయితే ఈ కట్టెల పొయ్యి…" అని మొదలుపెట్టి హిమజ పొగకు ఉక్కిరిబిక్కిరై విగ్గు జారేదాకా దగ్గింది. నీలాద్రిరావు అటు తిరిగినప్పుడు యల్లమందయ్య దగ్గరకొచ్చి గుసగుసగా అంది.

"ఏమనుకోకండి అంకుల్. నేను హాస్టల్లో నూడుల్స్ తప్ప ఏమీ వండలేదు. ఈ పుస్తకంలో ఉన్నదే చెబుతాను."

"నాకు సున్నా వచ్చిందమ్మా. నువ్వేం చెప్పినా నాకెక్కువే," అన్నాడు యల్లమందయ్య.

ఇద్దరూ కలిసి పప్పు పొయ్యి మీద పెట్టారు. నీళ్లెన్ని పోయాలో పుస్తకంలో ‘తగినన్ని’ అని ఉంది. యల్లమందయ్య చెంబుతో పోస్తూ పోయాడు. అరుగు మీద తిరపతమ్మ పెద్దగా దగ్గింది. అతను ఆగాడు. దగ్గు ఆగింది. ఇంకో గుక్కెడు వంచాడు, మళ్లీ దగ్గింది. భోక్త వంటింటితో మాట్లాడకూడదని నియమం ఉంది గానీ దగ్గకూడదని లేదు. నీలాద్రిరావు నియమావళి తిరగేసి చూసుకుని, పొగ వల్లనే అయి ఉంటుందని తీర్మానించుకున్నాడు. ఆ విధంగా పప్పు ఉడికింది, చిగురు పడింది, పోపు చిటపటలాడింది. పోపులో యల్లమందయ్య బొటనవేలు కూడా కొంత వేగింది.

ఇక అతను తన విద్య చూపించే వేళ వచ్చింది. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, అరచేతిలో రెండు చుక్కలు పోసుకున్నాడో లేదో, నీలాద్రిరావు ఈల ఊదాడు.

"వండేవారు రుచి చూడరాదు. ఎంగిలి. నియమావళి పదకొండో పేజీ."

"చూడకపోతే ఉప్పు సరిపోయిందో లేదో ఎట్టా తెలిసిద్ది?"

హిమజ పుస్తకంలో వెతికింది. "‘అలవాటు మీద తెలుస్తుంది’ అని ఉంది అంకుల్."

"ఎన్నాళ్ల అలవాటు మీద?"

"అది రాయలేదు."

యల్లమందయ్య చెయ్యి కడుక్కున్నాడు. ఇంతకాలం తనకు ముందు ఎవరూ రుచి చూడని కూర తనే మొదట తింటున్నందుకు గర్వపడేవాడు. రుచి చూడకుండా ఎవరో ఆ కూర వండుతున్నారన్న సంగతి అతనికి అప్పటిదాకా తట్టలేదు. తట్టింది గానీ మంచి సమయంలో తట్టలేదు, వేలు మండుతోంది.

ఉప్పు పెట్టె గోడకు బిగించి ఉంది. దానికీ తాళమే. పక్కన గొలుసుతో ఒక ఇత్తడి కడియం వేళ్లాడుతోంది.

"సంప్రదాయ వంటలో తూకం నిషేధం," అన్నాడు నీలాద్రిరావు. "అంతా చిటికెడు, పిడికెడు, తగినంత. అయితే లెక్క లేని వస్తువును ఖర్చు రాయటం కుదరదని ఆడిట్ వారన్నారు. అందుకని ఏడుగురు సభ్యుల సంఘం పద్నాలుగు వందల మంది అమ్మమ్మల వేళ్లు కొలిచి, సగటు తీసి, ప్రామాణిక చిటికెడును ఖరారు చేసింది. ఈ కడియంలో మీ బొటనవేలు, చూపుడువేలు జంటగా పట్టాలి. పడితే మీరు ఉప్పు వెయ్యటానికి అర్హులు."

యల్లమందయ్య వేళ్లు నలభై ఏళ్లుగా పార పట్టిన వేళ్లు. కడియంలో ఒక వేలు దూరింది, రెండోది బయటే ఉండిపోయింది. నీలాద్రిరావు పట్టిక చూసి, "మీ చిటికెడు రెండు ముప్పావు చిటికెలకు సమానం," అని రాసుకున్నాడు. మిగతా ముగ్గురి వేళ్లూ పట్టలేదు. పళ్ల డాక్టరు మాత్రం సబ్బు రాసుకుంటానన్నాడు గానీ సబ్బు సంప్రదాయం కాదన్నారు.

"ఈ కేంద్రం తెరిచాక అనుభవార్థుల్లో ఒక్క మగ చెయ్యీ ఈ కడియంలో పట్టలేదు. సమస్య మా దృష్టిలో ఉంది," అన్నాడు నీలాద్రిరావు. "అందుకే భూముల సర్వే శాఖ నుంచి ఒక ఉద్యోగిని డెప్యుటేషన్ మీద తెప్పించుకున్నాం. చాలా సన్నటి వేళ్లు. చిటికెడు సహాయకుడు. ఉప్పు ఆయనే వేస్తారు."

"పిలవండి మరి."

"బావమరిది పెళ్లికి వెళ్లారు. ఎల్లుండి వస్తారు."

"అందాకా?"

"ఉప్పు వేసినట్టు రిజిస్టర్‌లో రాయండి. ఆయన వచ్చాక ధ్రువీకరిస్తారు. ప్రస్తుతానికి మీ పప్పులో ఉప్పు పెండింగ్‌లో ఉన్నట్టు."

యల్లమందయ్య రాసి సంతకం పెట్టాడు.

తిరపతమ్మ ముందు ఆకు వేశారు. అన్నం మీద పప్పు పొగలు కక్కుతోంది. భోక్త తినటం ముగిసేదాకా వండినవాడు గరిటె పట్టుకుని నిలబడాలి. యల్లమందయ్య నిలబడ్డాడు. అట్లా నిలబడి ఆమె తింటుండగా చూడటం అతనికి అదే మొదలు. ఇంట్లో ఆమె తినే వేళకు అతను నడుం వాల్చేవాడు, లేకపోతే రచ్చ దగ్గర రాజకీయం మాట్లాడుతుండేవాడు. ఆమె ఎడమ దవడతోనే నములుతుందని అప్పుడు తెలిసింది. కుడి వైపు పన్ను ఎప్పుడు పోయిందో తెలియలేదు.

మొదటి ముద్ద మింగి ఆమె కాసేపు ఊరుకుంది. ఆ కాసేపట్లో యల్లమందయ్యకు చెమటలు పట్టాయి. అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, పప్పుకు కూడా తెలుసు. నీలాద్రిరావు కాగితం పట్టుకుని వంగాడు.

"రెండు గళ్లమ్మా. ‘బాగుంది’, ‘బాగాలేదు’. బాగాలేదంటే తరగతి మళ్లీ రేపు. భోజనశాల తాళం తియ్యం."

తిరపతమ్మ తాళం వంక చూసింది. లక్క సీలు వంక చూసింది. గరిటెతో నిలబడ్డ మొగుడి వంక చూసింది.

"బాగుంది," అంది. ఇంకో ముద్ద కలుపుకుంది.

ఎండిన మిరప మడికి తడి తగిలినట్టయింది యల్లమందయ్యకు. ఆ మాట ఇట్లా ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు. అనేవాళ్లకు దమ్మిడీ ఖర్చు లేని మాటే అది. ధ్రువపత్రం మీద అతని ఫొటో అంటించి, అట్ట వేసి చేతికిచ్చారు. ఆమె లేచాక అతనూ ఆకు ముందు కూచున్నాడు. పప్పు అప్పటికి చల్లారి గట్టిపడింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఒక రాయి తగ్గటం కాదు, తగ్గటానికి అందులో రాయంటూ లేదు. నానబెట్టిన మట్టిలా ఉంది. తలెత్తాడు.

"ఏమే…"

"మాట్టాడకుండా తిను," అంది తిరపతమ్మ. "సాయంత్రానికి తాళం తీస్తాడు."

సాయంత్రం తాళం తీశారు. లోపల బల్లలున్నాయి, కుర్చీలున్నాయి, వంటవాళ్లు లేరు.

"వంటవారిని నిరుడే తొలగించాం," అన్నాడు నీలాద్రిరావు. "ఉత్తీర్ణులైనవారే ఇక్కడ వండుతారు. అది అనుభవంలో రెండో దశ. యల్లమందయ్య గారూ, మీరు లోపలికి రండి. సున్నా నుంచి వచ్చారు గనక మీకు ముఖ్య వంటవారి హోదా."

యల్లమందయ్య భార్య వంక బిక్కమొహం వేసుకుని చూశాడు. తిరపతమ్మ అప్పటికే కిటికీ పక్క కుర్చీ చూసుకుని కూచుంది.

"ఎవరో ఒకళ్లు వండితే చాలన్నాను. నువ్వు వండకూడదని నేనన్నానా?"

ఆ పూటా, మర్నాడు రెండు పూటలా యల్లమందయ్యే వండాడు. కిటికీ పక్క నుంచి దగ్గు వినపడుతూనే ఉంది. నీళ్లకు ఒక దగ్గు, మంటకు రెండు, మాడుతున్నప్పుడు ఆగకుండా. హిమజ కూడా ఆ దగ్గుల్ని అట్టముక్క వెనక రాసుకుంది. రెండో రోజుకు ఆమె పుస్తకం మూసేసింది. ప్రతి పూటా తిరపతమ్మ పొగలొచ్చే ముద్ద పెట్టుకోవటం, కాసేపు ఊరుకోవటం, "బాగుంది" అనటం. ఆ కాసేపు మాత్రం ప్రతిసారీ యల్లమందయ్యకు మొదటిసారి లాగే ఉండేది. మొగుళ్లలో అతనికి గౌరవం పెరిగింది. పళ్ల డాక్టరు భార్య రోజూ ‘బాగాలేదు’ అని నిజం చెప్పటం వల్ల ఆ డాక్టరు ఇంకా తరగతిలోనే ఉన్నాడు. వాళ్లకు గదిలో బిస్కెట్లే.

మూడో రోజు చిటికెడు సహాయకుడు సెలవు నుంచి వచ్చాడు. నిజంగానే సన్నటి వేళ్లు. మొదట రెండు రోజుల పెండింగ్ ఉప్పును రిజిస్టర్‌లో ధ్రువీకరించాడు. తరవాత ఇద్దరు సాక్షుల ఎదుట పెట్టె తాళం తీసి, పప్పు గిన్నె చుట్టూ తిరిగి నాలుగు వైపులా హద్దులు చూసుకుని, ఆరు చిటికెలు వేసి, సంతకం చేశాడు.

యల్లమందయ్య గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. కుదిరిందని తెలిసింది. రుచి చూడకుండానే తెలిసింది. తనకే ఆశ్చర్యమేసింది. గరిటె పట్టుకుని మొదటిసారి గుండె నిబ్బరంతో భార్య పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నం రెండింటికి బస్సు. ఇదే చివరి భోజనం.

తిరపతమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తల కాస్త పైకెత్తింది.

"ఉప్పు ఒక రాయి తగ్గింది," అంది.

యల్లమందయ్య చేతిలో గరిటె కిందపడింది. నీలాద్రిరావు కాగితంతో ముందుకు వంగాడు.

"అమ్మా, సరిగ్గా ఆలోచించి చెప్పండి. అది ప్రామాణిక చిటికెడు. సాక్షి సంతకాలు కూడా ఉన్నాయి."

"ఉండొచ్చు నాయనా. ఒక రాయి తగ్గింది."

"ఒక రాయి అంటే ఎంత? పెద్ద రాయా, చిన్న రాయా? ప్రామాణిక రాయి అంటూ మా దగ్గర లేదే," అని నీలాద్రిరావు తనలో తను అనుకున్నాడు. పళ్ల డాక్టరు భార్య చెప్పే మాట వేరు. అది ఉప్పు పడని రోజుల మాట. ఇది ఉప్పు పడ్డాక వచ్చిన మాట. చిటికెడు తప్పయితే కడియం తప్పు, కడియం తప్పయితే పద్నాలుగు వందల మంది అమ్మమ్మలు తప్పు. అతను పై స్థాయికి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఆదేశాలొచ్చాయి. ప్రామాణిక రాయిని నిర్ణయించటానికి తొమ్మిది మందితో కొత్త సంఘం. అది నివేదిక ఇచ్చేదాకా కేంద్రం మూసివేత. ధ్రువపత్రాలన్నీ వెనక్కి. చిటికెడు సహాయకుడి రెండు వేళ్లనూ సాక్ష్యంగా పరిగణించి, కడగకుండా గుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. అన్నం ఎట్లా తినాలని అతను అడిగితే, అది సంఘం పరిధిలోని అంశమన్నారు.

తిరపతమ్మ ఈ హడావుడి జరుగుతున్నంతసేపూ తింటూనే ఉంది. ఆకు ఖాళీ చేసి, మారు అడిగి వేయించుకుంది. పప్పు ఇంకా వేడిగానే ఉంది.

బస్సు ఎక్కేటప్పుడు హిమజ పరుగెత్తుకుంటూ వచ్చింది. విగ్గు చేతిలో ఉంది. "ఆంటీ, చిగురు నిలవ ఎలా పెట్టుకోవాలి?" అని అడిగింది. తిరపతమ్మ కిటికీలోంచి చెబుతూనే ఉంది, బస్సు కదిలేదాకా.

కొండ దిగాక యల్లమందయ్య నోరు విప్పాడు.

"నిజంగా తగ్గిందా?"

"తగ్గలా."

"మరి?"

"ముప్ఫై రెండేళ్ల నుంచి అంటున్నావుగా. అంటే ఎట్టా ఉండిద్దో చూద్దామని."

"ఎట్టా ఉంది?"

తిరపతమ్మ ఆలోచించింది. "బానే ఉంది. ఒక్కమాటకే కొండ మీద అంత ఆఫీసు మూతబడింది. నువ్వెందుకు మానలేకపోతున్నావో తెలిసింది."

మర్నాడు ఇంటి దగ్గర మధ్యాహ్నం ఆమె కంచం పెట్టి, పప్పు వడ్డించి, ఎప్పటిలాగే పక్కన నిలబడింది. యల్లమందయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలటం ఆగింది. కళ్లు మూతపడబోయి ఆగాయి, తల పైకి లేవబోయి ఆగింది. తిరపతమ్మ మొహంలో ఏ భావమూ లేదు.

"బాగుంది," అన్నాడు.

"ఇక్కడ తాళం తీసేవాళ్లెవరూ లేరు. ఉన్నమాట చెప్పు."

అతను ముద్ద మింగాడు. "ఉప్పు లేదు."

"తగ్గిందా, లేదా?"

"అసలు లేదు."

ఆమె వెనక దాచిన ఉప్పు చిప్ప తీసి అతని ముందు పెట్టింది. "ముప్ఫై రెండేళ్లకు ఒక్కసారి సరిగ్గా చెప్పావు," అంది. ఇంకో కంచం తెచ్చుకుని, ఎదురుగా పీట వేసుకుని కూచుని, పొగలొస్తుండగానే తనూ పప్పు వేసుకుంది.

యల్లమందయ్య చొరవ చేసి చిప్పలో చెయ్యి పెట్టి, ఆమె కంచంలో వెయ్యబోయాడు. ఆమె కంచం పక్కకు జరుపుకుంది.

"నీ చెయ్యొద్దు," అంది. "కడియంలో పట్టలా."